టెలిస్కోపు ముందు కడప అత్త

నా చిన్నప్పుడు కువైట్‌లో బకెట్టు నీళ్ల మీద మంచు పొర కట్టడం ఒక్క చలికాలమే చూశాను. ఇరాక్ సైన్యం దేశాన్ని పట్టుకున్న చలికాలం అది. బడులు మూతపడ్డాయి. సైన్సు మేష్టారైన మా పెదనాన్నకు పాఠం చెప్పకపోతే అన్నం సయించదు. అందుకని అబ్బాసియాలో మా డాబా మీద పొద్దున్నే తన టెలిస్కోపు నిలబెట్టి, ఇంకా అస్తమించని చంద్రుణ్ణి నాకు చూపించేవాడు. నా ఊపిరి తగిలి అద్దం మసకేసేది. ఊపిరి బిగబట్టమనేవాడు. చంద్రుడి మీద గుంటలు కనపడేలోగా నా కళ్లు తేలిపోయేవి.

మాతోపాటు కడప అత్త కూడా పైకి వచ్చేది. ఆమె మా చుట్టం కాదు, కడప నుంచి వచ్చి అర్దియాలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. యజమానురాలిని అక్కడి పద్ధతిలో మామా, అంటే అమ్మా, అని పిలిచేది. ఆ మామా సౌదీకి వెళ్లిపోతూ ఈమెకు తన బొచ్చుకోటు ఇచ్చి పోయింది. అప్పటినుంచి అత్త మా ఇంట్లోనే ఉంది. చీర మీద ఆ కోటు, తలకు పెదనాన్న మంకీక్యాపు. ఎలుగుబంటి పేరంటానికి బయల్దేరినట్టుండేది.

ఒకరోజు వీధిలోంచి మా గొట్టాన్ని చూసి ఒక సైనికుడు తుపాకీతో పైకి వచ్చాడు. వైర్‌లెస్ సెట్టు దొరికిందని పక్క వీధిలో ఒకాయన్ని తీసుకుపోయి వారమైంది, ఆయన ఇంకా తిరిగి రాలేదు. పెదనాన్న ఇంగ్లీషులో కటకాలూ కిరణాలూ వివరించడం మొదలుపెట్టాడు. వివరించినకొద్దీ అతని అనుమానం పెరిగింది. పెదనాన్న చెయ్యి పట్టుకుని మెట్లవైపు లాగాడు.

"తాల్," అంది కడప అత్త, ఇలా రా అని. అద్దం వైపు వేలు చూపించి, "షూఫ్," చూడు, అంది. స్నానానికి మొరాయించే పిల్లాణ్ణి పిలిచే గొంతు అది. అతను ఆ కోటునూ క్యాపునూ చూసి ఏమనుకున్నాడో, పెదనాన్నను వదిలి వంగాడు. అద్దం మసకేసింది. ఊపిరి వదలొద్దని అత్త కసిరి, కొంగుతో తుడిచి, మళ్లీ అతని మెడ వంచింది. ఈసారి అతను చాలాసేపు లేవలేదు. తుపాకీ అడ్డొస్తుంటే నా చేతికి అందించబోయి, ఏదో గుర్తొచ్చి ఆగాడు. చివరికి లేచి, దీన్ని ఇంకెవరి కంటా పడనీయొద్దని అత్తతో చెప్పి, "ఖలాస్," ఇక అయిపోయింది, అంటూ దిగిపోయాడు.

అత్త నీళ్లట్యాంకుకు ఆనుకుని కూలబడింది. తుపాకీ ఉన్నవాణ్ణి అంత దబాయించావేమిటని పెదనాన్న అడిగాడు.

"దబాయించల్లని కాదు సారూ. నాకొచ్చిన అరబ్బీ అంతా మామా నాకు పనులు చెప్పిందే. బతిమలాడేది యాడ నేర్చుకుందును? నన్నెవురు బతిమలాడినారు?"

అందరం నవ్వాం, ఆమె కూడా. నవ్వు ఆగాక ఆ మాట నాలో మిగిలిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో పనిచేసే ఒడిశా అమ్మాయి నా దగ్గరే తెలుగు నేర్చుకుంటోంది. ఆమెకు ఏదైనా చెప్పేముందు ఒక్క క్షణం ఆగుతాను. మొన్న నేను ఆలస్యంగా లేస్తే, తలుపు దగ్గర నిలబడి, "బాగా నిద్ర పట్టిందా అమ్మా?" అని అడిగింది. ఆ మాట నా దగ్గర నేర్చుకున్నదే.