ఎండలో ఆరిన పచ్చ

నా చిన్నప్పుడు అరవదేశంలోని మా వాడిపట్టి వైపు పిల్లలకు సముద్రం అంటే వినడమే కానీ చూసింది లేదు. నల్లరేగడిలో పత్తి ఏరే మాకు అన్ని నీళ్ళు ఒకచోట ఉంటాయంటే నమ్మకం కుదిరేది కాదు. కుంపిణీ దొరల కాలం అది. ఒక ఏడు పత్తి బాగా పండిందని మా తాతయ్య బండి కట్టించి, మా అవ్వనూ నన్నూ రామేశ్వరానికి బయలుదేరదీశాడు. గాలి ఎక్కువై పడవలు కదలక, ఈవలి ఒడ్డున సత్రంలో రెండు రోజులు ఆగిపోయాం. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. నోరు మాత్రం తొంభై ఏళ్ళది.

రెండో రోజు పొద్దున అలల అంచున నాకొక రాయి దొరికింది. చింతగింజ కంటే కాస్త పెద్దది, తడితడిగా, లోపల దీపం పెట్టినట్టు ఆకుపచ్చగా మెరుస్తోంది. మా అవ్వ కమ్మల్లోని పచ్చలు దాని ముందు ఏపాటివి! ఇంకేముంది, నా కళ్ళు నెత్తికెక్కాయి. పచ్చ దొరికిందని సత్రమంతా తిరిగి చాటాను. ఉంగరం చేయించమని తాతయ్య ప్రాణం తీశాను. చూద్దాంలే అని ఆయన దాన్ని చూడకుండానే పడవవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

సత్రం ముందు ఒక ముసలామె గంపలో శంఖాలూ గవ్వలూ పెట్టుకుని యాత్రికులకు అమ్మేది. అవ్వ నన్ను స్నానానికి పిలిస్తే, రాయిని అల ఎక్కడ లాక్కుపోతుందోనని ఆమె చేతిలో పెట్టి, భద్రంగా చూసుకోమన్నాను. ఆమె దాన్ని వెలుగుకు పట్టి చూసి, నవ్వి, "ఇదు కణ్ణాడి, తాయీ" అంది. మా ఇంట్లో కన్నాడి అంటే మొహం చూసుకునే అద్దం ఒక్కటే. గాజును మేము గాజనే అంటాం. అరవంలో గాజుకూ అదే మాటని నాకేం తెలుసు? ఈ ముసలామెకు పచ్చకూ అద్దానికీ తేడా తెలియదని నవ్వుకుంటూ నీళ్ళలోకి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి ఆమె దాన్ని ఒక ఆకు మీద పెట్టి ఎండలో ఉంచింది. చేతికి తీసుకుంటే అది నా పచ్చ కాదు. మెరుపు లేదు, ఒంటినిండా ఉప్పు రాసినట్టు తెల్లగా మసకబారి ఉంది. నా రాయి మార్చేసిందని, దొంగ అని, ఒడ్డంతా వినబడేలా ఏడ్చాను.

జనం మూగారు. సత్రం కావలివాడు వచ్చి ఆమె గంపను ఇసుకలో బోర్లించి, ఇంకెప్పుడూ ఇక్కడ కూర్చోవద్దని అరిచి వెళ్ళాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మా అవ్వ, నా ఏడుపు నమ్మి, ఆమె కొంగుముడి విప్పింది. అందులో ఇంత పొగాకూ, సగం కొరికిన కరుప్పట్టి తాటిబెల్లం ముక్కా ఉన్నాయి. పదిమందిలో ఒక ముసలి మనిషి కొంగుముడి విప్పించాను నేను. ఈ మాట చెబుతుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

ఆమె తిట్టలేదు. రాయిని తీసుకుని అలలో ముంచి నా అరచేతిలో పెట్టింది. పచ్చగా మెరిసింది. అదే రాయి! చూస్తూండగానే గాలికి ఆరి, మళ్ళీ మసకబారింది. అప్పుడు నిదానంగా అరవంలో చెప్పింది. ఓడల్లో దొరలు తాగి పారేసిన సీసాలు పగిలి, ఆ పెంకులు ఏళ్ళ తరబడి ఇసుకలో దొర్లి ఇలా అవుతాయట. తడి మెరుపు చూసి నమ్మకూడదట, ఆరబెట్టి చూడాలట. నాకు చూపించడానికే ఎండలో పెట్టిందట. అంచు వేలికి గీసుకోదు, ఒళ్ళంతా మసకగా ఉంటుంది, ఒక్కోదాంట్లో గాలిబుడగ కూడా కనిపిస్తుంది. నా దాంట్లో ఉంది, ఆవగింజంత.

ముందే చెప్పాను కదా తాయీ అని మాత్రం అంది. మా అవ్వ చేతులు జోడించింది. నన్ను ముందుకు తోసి, "తప్పు చేసినానని చెప్పు పాపా" అంది. సత్రమంతా చాటిన నోరు ఆ ఒక్క మాటకు పెగల్లేదు. ఇసుకలో పడ్డ శంఖాలైనా ఏరివ్వలేదు నేను. అవ్వే వంగి ఏరింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. తెల్లారకముందే పడవ కదిలింది.

రామేశ్వరంలో ఉన్నన్నాళ్ళూ ఆ మాటే మనసులో వల్లించుకున్నాను. పది రోజులకు తిరిగొస్తే సత్రం ముందు ఇంకెవరో గంప పెట్టుకుని ఉన్నారు. ఆ దొంగదాన్ని మీరు పడవెక్కిన పూటే తరిమేశానని కావలివాడు గొప్పగా చెప్పాడు. తాతయ్య జరిగింది వివరించాడు. అట్లాగా అన్నాడు వాడు. ఆమె ఎటు పోయిందో వాడికీ తెలియదు.

ఆ గాజుముక్క ఇప్పటికీ నా ఆకువక్కల పెట్టెలో ఉంది. మనవరాళ్ళు దాన్ని తడిపి, పచ్చ పచ్చ అని ఎగబడతారు. ఆరనిచ్చి చూడమంటాను, అంచు తడిమి చూడమంటాను, బుడగ వెతకమంటాను. ఇదంతా నీకు ఎవురు నేర్పించినారు అవ్వా అంటారు. నేను దొంగ అన్న మనిషి అని చెబుతాను. ఆమె పేరేమని అడుగుతారు. నేను ఆ పేరైనా అడగలేదు.