మా అయ్య కుట్టని పడవ

మొన్న మునిమనవడికి ఉయ్యాల కట్టడానికి మా మనవరాలు బజారు నుంచి కొబ్బరితాడు చుట్ట తెచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది, చేతికి అందగానే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మగ్గిన వాసన. ఆ వాసనతోనే నా మనసు విజయనగరానికి తూర్పున, మా సముద్రపొడ్డు పేటకి వెళ్లిపోయింది.

నా ఈడువాళ్లకి కుట్టు పడవలు గుర్తుండే ఉంటాయి. ఒక్క మేకు కొట్టకుండా, చెక్కకి చెక్క ఆనించి, కొబ్బరితాడుతో గోనెసంచి కుట్టినట్టు కుట్టేవారు, కెరటం గుద్దితే పడవ విరగకుండా వంగేది. అరవైలు ముగిసే ఆ రోజుల్లో మా పేటలో ఆ పని మా అయ్యదే. తను కుట్టిన పడవ మొదటిసారి కెరటం దాటేటప్పుడు తనూ అందులో కూచోవాలని ఆయన పట్టుదల. "నానెక్కనిదాంట్లోకి మడిసినెక్కించను" అనేవాడు. పుచ్చిన తాడు ముట్టేవాడు కాదు.

ఆ ఏడు మా మావ, అంటే మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, తన పడవ చెక్కలు విప్పి మళ్లీ కుట్టమన్నాడు. చేతిలో ఉన్నది వానలకి నాని మగ్గిన తాడు, కొత్తది కావాలంటే సంత దాకా ఆగాలి, చేపలేమో ఒడ్డుకి దగ్గరగా వచ్చేశాయి. ఇంట్లో పొయ్యి వెలగనివాడు ఆగుతాడా? అయ్య తాడు లాగి చూసి, అవతల పారేసి, కుట్టనన్నాడు. మావ బతిమాలాడు, అలిగాడు, చివరికి పక్క పేట నుంచి ఇంకొకణ్ణి తెచ్చి అదే తాడుతో కుట్టించుకున్నాడు. అయ్య మా అరుగు మీద వల బాగుచేసుకుంటూ అదంతా చూస్తూనే ఉన్నాడు. ఎవరన్నా అడిగితే అది నా సేతి పని కాదు గదా అనేవాడు. ఆ మాటకి పేటలో ఎంత గౌరవమో, నేను కూడా మురిసిపోయాను.

పడవ దింపిన పొద్దున అందరం ఒడ్డునే ఉన్నాం. మొదటి కెరటం దాటింది. రెండోదానికి కుట్టు తెగి చెక్కలు వేటికవి విడిపోయాయి. ఇద్దరు ఈదుకుంటూ వచ్చారు. మావకి చెక్క తలకి తగిలినట్టుంది, మర్నాడు శవాన్ని సముద్రమే తెచ్చి ఇసకలో పెట్టింది.

మా అమ్మ ఏడవలేదు. అయ్య దగ్గరికొచ్చి, ఆయన రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసి, అందరి ముందూ అడిగింది.

"నీ సేతులు సుబ్బరంగానే ఉన్నాయి. నా తమ్ముడేడీ?"

అయ్య బతికినన్నాళ్లూ అమ్మ అన్నం పెట్టింది గానీ, ఆ చేతులకేసి చూసేది కాదు. ఆ తర్వాత తను కాదన్న పడవని ఎవరన్నా నీళ్లలోకి తోయబోతే, అయ్య వెళ్లి దాని ముందు ఇసకలో బాసింపట్టు వేసుకుని కూచునేవాడు. తిట్టారు, ఓసారి కాళ్లు పట్టి ఈడ్చి పారేశారు, లేచి వచ్చి మళ్లీ కూచున్నాడు. గౌరవం పోయింది, పిచ్చోడన్నారు, పనివ్వడం మానేశారు, మేం గంజి తాగి పడుకున్న రోజులున్నాయి. అయినా నాకు ఇప్పటికీ కళ్లలో మెదిలేది అరుగు మీది అయ్య కాదు, ఆ ఇసకలో కూచున్న అయ్యే.

ఇప్పుడు మా పేటకి ఫైబర్ పడవలు లారీ మీద వస్తున్నాయి. చేసినవాడి మొహం ఎక్కేవాడికి తెలీదు. మంచివే కావచ్చు, నాకేం తెలుసు. పడవకి అడ్డంగా కూచునే మనిషి మాత్రం ఏ ఒడ్డునా లేడు, ఎవరి చేతులు వాళ్లు శుభ్రంగా ఉంచుకుంటున్నారు.

తాడు పుచ్చిందంటే మనవరాలు, దానికేముంది, ఇచ్చేసి ఇంకోటి తెస్తానంది. ఇచ్చేస్తే కొట్టువాడు దాన్ని ఇంకెవరి ఉయ్యాలకో అమ్ముతాడు. పెరట్లో నీళ్లు కాచే పొయ్యిలో పెట్టేశాను. దండగ కదా అని అది సణుగుతూంటే, తాడు బూడిదయ్యేదాకా పొయ్యి ముందే కూచున్నాను.