వెనకబడిన కొంగ

నా చిన్నప్పుడు నాకు బంగారం మీద లేని ఆశ గోళ్ళ మీది తెల్ల మచ్చల మీద ఉండేది. కొంగల బారు నెత్తి మీదుగా పోతుంటే గోళ్ళు రుద్దుకుంటూ “కొంగా కొంగా, పువ్వియ్యి” అని అరవాలి. అప్పుడు కొంగ గోటి మీద తెల్ల పువ్వు వేసి పోతుందని కర్నూలు పిల్లలందరి నమ్మకం. అరిచి అరిచి నా గొంతు పోయింది గానీ ఒక్క పువ్వూ పడలేదు.

ఆ దసరా సెలవులకు కడప నుంచి మా పిన్ని కూతురు వచ్చింది. నాకంటే చిన్నది. దాని గోళ్ళ నిండా పూలే! పక్కింటి వాళ్ళు సైతం దాని చేయి పట్టుకుని మురిసిపోయేవారు. తుంగభద్ర మా ఊరిది, కొంగలు మా ఊరివి, పూలు మాత్రం కడప పిల్లకా? ఇదెక్కడి న్యాయం?

“అవ్వా, అది సున్నం పూసుకుండాది” అన్నాను. మా అవ్వ వక్కాకు సంచిలో సున్నం డబ్బీ ఉండేది మరి. అంతటితో ఊరుకోలేదు. దాన్ని కుళాయి దగ్గరికి లాక్కుపోయి కొబ్బరి పీచుతో తోమాను. వేళ్ళు ఎర్రబడ్డాయి, పూలు చెక్కుచెదరలేదు. నా కడుపుమంట రెట్టింపయింది.

అవ్వ తిట్టలేదు. సాయంత్రం మా ఇద్దరినీ ఎప్పటిలాగే ఏటిగట్టుకు తీసుకుపోయింది. కొంగలు రాగానే చెల్లెలు ఎగురుతూ గోళ్ళు రుద్దింది. నేనూ రుద్దాను, చూపు మాత్రం దాని వేళ్ళ మీదే.

“ఏమే, కొంగలు యాడికి పోయినాయి?” అంది అవ్వ. నాకేం తెలుసు?

“దాని చేతులు చూస్తాంటే నీకు పూలెట్లా వస్తాయే? ముందర పోయే కొంగలు అడిగినోళ్ళకల్లా పంచేస్తాయి. వెనకబడిన దాని దగ్గర శానా మిగిలింటాయి. దాన్ని కనిపెట్టు.”

మరుసటి రోజు ఇల్లు దాటినప్పటి నుంచే తల పైకెత్తి నడిచాను. కరెంటు తీగ మీద గోరింకలు పోట్లాడుకుంటున్నాయి. ఎవరిదో స్కూటరు అద్దంలో తన నీడను చూసి ఒక పిచ్చుక ముక్కుతో పొడుస్తోంది. దాని ఏడుపు నాకు బాగా అర్థమైంది. గట్టు మీదుగా కొంగల బారు వెళ్ళిపోయింది. ఆకాశం ఖాళీ. అప్పుడు వచ్చింది, ఒంటరిగా, ఒక కాలు వేలాడేసుకుని, గాలికి పక్కకు జరుగుతూ.

“అక్కా, గోళ్ళు రుద్దుకో!” అంది చెల్లెలు.

“ఉండవే, అది చేరనీ.”

“యాడుందక్కా? నాకు కనపల్లేదే!”

ఆ ఏడుపు గొంతు నా చెవికి ఎంత హాయిగా ఉందో! వెంటనే చూపించలేదు. కాస్త అనుభవించాక దాని గడ్డం పట్టుకుని తల తిప్పాను. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. కుంటికొంగ అవతలి గట్టు చెట్ల మీద వాలింది. గోళ్ళ సంగతి ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది.

పూలు నాకు ఎప్పటికీ రాలేదు. అవి ఒంట్లో ఏదో లోపమని మా డాక్టరు అంటే, ఆయనతోనూ వాదించి వచ్చాను. అసూయ పోయిందని అబద్ధం చెప్పను. నాతో నడకకు వచ్చే ఆడవాళ్ళ నాజూకు నడుములు చూస్తే ఇప్పటికీ మండుతుంది. కానీ కొంగల బారు దాటిపోయి, వాళ్ళంతా ఫోన్లు దించి ఇళ్ళకు మళ్ళాక, నేనొక్కదాన్నే గట్టు మీద ఆగుతాను. వెనకబడింది ఇంకా రావాలి కదా.