ఎడమ డబ్బా

మొన్న మా కోడలు గుండ్రటి చిన్న స్పీకరొకటి తెచ్చి వంటింట్లో మిక్సీ పక్కన పెట్టి, ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఒకేలా వినిపిస్తుంది అత్తమ్మా అని చెప్పి ఆఫీసుకు వెళ్ళిపోయింది. నాకు మాత్రం కాలు నిలవలేదు. కుర్చీ ఎక్కడ వేయాలో తెలియకుండా పాట వినడమేమిటని హాల్లోకీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. పాట వినాలంటే ముందు ఇల్లంతా జరపాల్సిన కాలం మీకూ గుర్తుండే ఉంటుంది.

తొంభైల నడుమ మేము నాంపల్లి స్టేషను వెనక కిరాయింట్లో ఉండేవాళ్ళం. మావారు ఆబిడ్స్‌లో ఓ ఆఫీసులో గుమాస్తా, ఆదివారాలు మా చర్చిలో పాటలు పాడే క్వయర్‌కు మాస్టారు. ఆ రెండో పనే ఆయనకు ప్రాణం. ఏళ్ళ తరబడి కలలు కని ఆబిడ్స్‌లో స్టీరియో, దానికి రెండు స్పీకర్లు కొన్నారు, మా అత్తగారి భాషలో డబ్బాలు. రెండు డబ్బాలూ, వినేవాడి కుర్చీ ఒకదానికొకటి సమానదూరంలో ఉండాలని దుకాణం వాళ్ళు చెప్పారట, ఇంకేం, నా కుట్టు టేపుతో కొలిచి నేలమీద సుద్దతో గుర్తులు పెట్టారు. నేను ఇల్లు తుడిస్తే గుర్తులు పోయేవి, ఆయనకు మళ్ళీ మొదలు.

అన్నీ చేసినా ఎడమవైపు శబ్దం తగ్గిందనేవారు. డబ్బాలు అటుది ఇటు, ఇటుది అటు మార్చారు, తీగలు మార్చారు, అయినా ఎడమవైపే తక్కువ. సరే, తప్పు గదిదేనని తేల్చి ఇనప బీరువా జరిపారు, పరదాలు తీసేశారు, కాసేపు రైళ్ళను కూడా తిట్టుకున్నారు, ఎడమ డబ్బాను రోజుకింత కుర్చీ దగ్గరికి లాగారు. "ఏందిరా గిది, పాటలింటున్నవా, ఇల్లు ఖాళీ చేస్తున్నవా?" అని అత్తగారు మంచం మీద నుంచే విసుక్కునేవారు.

క్వయర్‌లోనూ అదే పోరు. ఆయనకు ఎడమచేతి వైపు నిలబడి మంద్రస్థాయిలో పాడే ఆల్టో ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. "జర గొంతు విప్పి పాడుండ్రమ్మా, అన్నం తినలేదా?" అని అందరి ముందూ కేకలు. గొంతులు బొంగురుపోయేలా పాడినా ఆయనకు చాలేది కాదు. క్రిస్మస్ దగ్గరపడుతుంటే ఇద్దరు అలిగి మానేశారు, మాస్టారిని మార్చాలన్న మాట కూడా పుట్టింది. నేను ఇంటికొచ్చి ఆ కోపమంతా గిన్నెల మీద చూపించేదాన్ని.

ఒక సాయంత్రం ఆయన మళ్ళీ కొత్త తీగ కోసం ఆబిడ్స్ వెళ్ళినప్పుడు, ఈ కుర్చీలో అంత ఏముందో చూద్దామని ఉక్రోషంగా కూర్చుని క్యాసెట్ పెట్టాను. ఎడమ డబ్బా నా చెవిలో హోరెత్తింది, కుడిది ఎక్కడో పొరుగింట్లో మోగుతున్నట్టుంది. తప్పు గదిదీ కాదు, ఆల్టోలదీ కాదు, ఆయన ఎడమచెవిది.

నోటితో చెప్పే ధైర్యం చాలక, ఆయన రాగానే కుర్చీని వెనక్కి తిప్పి, డబ్బాలకు వీపు పెట్టి కూర్చోమన్నాను. ఇన్నాళ్ళూ మూగదనుకున్న డబ్బా ఆయన కుడిచెవిలో ఖంగున మోగింది. తెచ్చిన కొత్త తీగ పక్కన పెట్టేశారు. "అయితే తప్పు గదిది కాదన్నట్టు," అన్నారు.

ఆ ఆదివారమే క్వయర్‌ను తనంతట తానే వేరొకరికి అప్పగించి, అందరి పాటా కుడిచెవికి అందేట్టు మగవాళ్ళ వరసలో ఎడమ కొసన నిలబడ్డారు. ఇంటికొచ్చేదారిలో ఆల్టోలు ఎంత బాగా పాడారో అన్నారు. నాకు నడిరోడ్డు మీద ఏడుపు ఆగలేదు.

అప్పటినుంచి నేనెప్పుడూ ఆయన కుడిపక్కనే నడిచాను, కుడిపక్కనే కూర్చున్నాను. ఇప్పుడు పాటకు చోటు వెతుక్కోనక్కరలేదు, మంచిదే, ఎవరి చెవి ఎలా ఉందో కూడా ఎవరికీ పట్టదు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా, చర్చి బెంచీలో ఆయన కూర్చునే నా ఎడమపక్కన ఎవరైనా వచ్చి కూర్చుంటే మాత్రం నాకు కుదురుండదు. ఏదో వంకతో లేచి ఇంకో బెంచీకి మారిపోతాను.