మూడు రోజులకే మూసేసిన ప్రశ్న

తొంభైల చివర్లో ఆర్మూరు పసుపు మార్కెట్ ఎదురుగా నాకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. ఒక పత్రికతో వచ్చిన సీడీలోని ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. ప్రింట్ కొడితే చాలు, వరుసలన్నీ మెట్లు దిగినట్టు పక్కకి జరిగిపోయేవి.

దాన్ని తయారుచేసినవాళ్ళు, వాడేవాళ్ళు కలిసి ఈమెయిల్‌లో సందేహాలు తీరుస్తారని సీడీ కవరు మీదే ఉంది. మా ఊళ్ళో ఇంటర్నెట్ లేదు. ఆదివారం బస్సెక్కి నిజామాబాద్‌లోని నెట్ సెంటర్‌కి పోయి, నా బాధంతా రాసి వచ్చాను. మళ్ళీ ఆదివారం వెళ్తే రెండే జవాబులు. 'ముందు మాన్యువల్ చదువు' అని ఒకటి. 'మూడు రోజులైనా నువ్వు పలకలేదు, నీ ప్రశ్న మూసేశాం' అని రెండోది. ఒళ్ళు మండిపోయింది. నేను వారానికోసారి బస్సెక్కి వచ్చేవాణ్ణని వీళ్ళకేం తెలుసు? అడిగితే కదా!

మర్నాటికీ ఆ మంట చల్లారలేదు. భీమ్‌గల్ నుంచి వచ్చిన ఒక ముసలి రైతు, నా దగ్గర దరఖాస్తు టైపు చేయించుకోవడానికి ఏమేం కాగితాలు కావాలని అడిగాడు.

"బయట బోర్డు మీద రాసిపెట్టిన గదా, పోయి సదువుకో" అని కసిరాను.

ఆయన కదల్లేదు. "సదివితే సమజయ్యేదైతే నిన్నెందుకడుగుత సారూ? జర నోటితోని జెప్పరాదా?" అన్నాడు.

చెంప మీద కొట్టినట్టయింది. ఆయన్ని కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. ఆదివారం ఆయన మాటనే ఇంగ్లీషులో ఆ గుంపుకి రాసి పారేశాను. పై వారం ముక్కూమొహం తెలియని ఒకాయన క్షమాపణ చెప్పి, ఏ ఫైల్లో ఏ లైను మార్చాలో విడమరచి రాశాడు. ప్రింటు తిన్నగా వచ్చింది.

నాకు కోపం ఇప్పటికీ పోలేదు. కాకపోతే అందులో సగం నా మీదే. బయటి బోర్డు మాత్రం ఆ రైతు వెళ్ళిన సాయంత్రమే పీకేశాను.