కట్టి విడిచిన చీర

మొన్న పొద్దున మా పక్కింటి కోడలు చంటిబిడ్డను తీసుకొని బెంగుళూరుకు బయలుదేరుతూ, ఒక మాట చెప్పిపోదామని మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి సెల్‌ఫోను తీసి చూపించింది. కొత్త చోట బిడ్డ నిద్రపోకపోతే అందులో వాన చప్పుడు పెడుతుందట, అది వింటూ బిడ్డ నిద్రపోతుందట. మంచిదే తల్లీ, క్షేమంగా పోయి రా అన్నాను. పైకి అనలేదు గానీ నాకు నవ్వొచ్చింది. మా అనంతపురం జిల్లాలో వాన చప్పుడు విని నిద్రపోయేవాళ్లు ఎవరుంటారు? పండుకున్నవాళ్లు కూడా లేచి వాకిట్లోకి వచ్చి నిలబడతారు. ఆ పిల్ల పోయినాక, పొయ్యి దగ్గర కూర్చున్నంతసేపూ నాకు మా పెద్దోడిని చంకనేసుకొని గుమ్మఘట్ట దగ్గరున్న మా అవ్వ ఊరికి పోయిన ఒక శ్రావణమాసం గుర్తుకొస్తూనే ఉంది. అప్పటికింకా ఇళ్లల్లో ఫోన్లు లేవు. కబురు చెప్పాలంటే మనిషి రావాల్సిందే.

అవ్వ అంటే మా అమ్మకు అమ్మ. నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు అవ్వ ఇంట్లోనే పెరిగినాను. ఆ ఊరికి బడి దూరం. చాటలో ఇసుక పోసి, నా వేలు పట్టుకొని అవ్వే అక్షరాలు దిద్దించింది. అక్షరాలు వచ్చినాక పారాయణ పుస్తకం ముందర పెట్టింది. ఆ పుస్తకం దగ్గర అవ్వ వేరే మనిషి. స్నానం చేయకుండా ముట్టుకుంటే చీపురుపుల్లతో చేతిమీద ఒకటి పడేది. ఉతికిన బట్ట కట్టుకోవాలి, పుస్తకం ఉన్న గదిలోకి విడిచిన బట్ట రాకూడదు, దగ్గినా తుమ్మినా లేచి చేతులు కడుక్కొని రావాలి. మా తాత ఆ గదిలోకి పోవాలంటే గడప బయట నిలబడి తన పంచె తానే ఒకసారి చూసుకునేవాడు. ఈ రోజు నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే.

ఆ శ్రావణానికి అవ్వ మంచం పట్టింది. అంతకు ముందే చూపు పోయింది. అవ్వ కొడుకు, మా మేనమామ, ఒక మనిషితో నాకు కబురు పంపించినాడు. అవ్వ అన్న మాట ఆ మనిషి ఉన్నదున్నట్టు చెప్పినాడు: "కండ్లు ఎట్లాగూ పోయినాయి, చెవులన్నా పోకముందే నేను నేర్పిన నోటితో ఒక్కసారి పారాయణం ఇనాల. ఆ పిల్లను రమ్మను." పారాయణానికి ఒక నియమం ఉంది. మొదలుపెట్టినది వారం లోపల ముగించాలి, నడిమధ్యలో విడిచిపెట్టకూడదు. విడిస్తే మొదలుపెట్టకపోయుంటేనే బాగుండేదనేంత దోషమని మాకు నమ్మకం.

చదవడం నాకు కష్టం కాదు, కష్టమల్లా తొమ్మిది నెలల మా పెద్దోడు. వాడు నా పాతచీర ఉయ్యాలలో తప్ప ఇంకెక్కడా కన్నుమూసేవాడు కాదు. బత్తలపల్లెలో మా అత్తగారు బట్టలు సర్దుతూ ఆ ఉయ్యాల చీర మడిచి సంచి అడుగున పెట్టి, "దీన్ని ఉతకొద్దు సుమా. ఊరు మారితే మారనీ, వాసన మారితే నీ కొడుకు ఊరంతా ఏకం చేస్తాడు" అన్నది. నలుగురిని పెంచిన మనిషి, ఆమెకు తెలుసు. మూడు బస్సులు మారి, రాయదుర్గం దాటినాక కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడే జనం మధ్య ఇరుక్కొని, సాయంత్రానికి ఊరు చేరినాము. శ్రావణం గాలి మా దిక్కున ఎట్లుంటుందో తెలిసిందే. మబ్బును తరిమేసి మన్ను తెచ్చి నోట్లో కొడుతుంది. బస్సులో బిడ్డ పాలు కక్కి, చెమట పట్టి, నా చీర అట్టకట్టింది. దాన్ని విడిచి వసారాలో మూల పెట్టినాను, నీళ్లు దొరికినప్పుడు ఉతుక్కోవచ్చులే అని.

పొద్దున్నే నేను స్నానం చేసి వచ్చేసరికి, దండెం మీద మా ఉయ్యాల చీర తెల్లగా ఆరుతూ కనిపించింది. మామ భార్య, అంటే మా అత్త, చేతులు తుడుచుకుంటూ, "పారాయణం జరిగే ఇంట్లో బిడ్డకు మాసిన గుడ్డ యాల పాపా? ఉతికి పారేసినా" అని నవ్వింది. అప్పుడు ఆ ఊళ్లో ఉన్న ఒక్క బోరు కరెంటు వచ్చినప్పుడే పోసేది. ఇంటికి ఇన్ని బిందెలని లెక్క. ఆ లెక్కలోంచి ఒక నిండు బిందె నా బిడ్డ గుడ్డ మీద పోసింది ఆమె. చుట్టం కాళ్లకు పన్నీరు చల్లినా అంత మర్యాద కాదు. అట్లాంటి మనిషితో "ఎందుకు ఉతికినావత్తా" అని ఏ నోటితో అడిగేది?

నేను అనకపోయినా వాడు అన్నాడు. ఉతికిన చీర ఉయ్యాలలో వేయగానే ముక్కు అటు ఇటు తిప్పి ఏడుపు ఎత్తుకున్నాడు. ఎత్తుకుంటే నా ఒంటిమీద ఉన్నదీ మడిచీరే. అమ్మ మొహం ఉంది, అమ్మ వాసన లేదు. మరింత ఏడ్చినాడు. నాలుగు పద్యాలు చదవడం, లేచి పోవడం, చేతులు కడుక్కొని వచ్చి మళ్లీ కూర్చోవడం. అత్త వాడిని భుజాన వేసుకొని వాకిలంతా తిరిగింది. "ఏం బిడ్డప్పా ఇది! వీడు ఏడిస్తే బోర్లో నీళ్లు కూడా కిందికి పోతాయి" అన్నది. మొదటిరోజు చదవాల్సిన దాంట్లో సగం కూడా కాలేదు. రెండోరోజూ అదే తంతు. మామ పొలం నుంచి వచ్చి, చూసి, "నిలిపేయి పాపా. బిడ్డ పెద్దోడైనాక తీరిగ్గా వచ్చి చదువుదువులే" అన్నాడు. ఆ మాటకు నేను అవ్వ వైపు చూసినాను. బిడ్డ పెద్దోడయ్యేదాకా అవ్వ ఆగగలదా? ఆ సంగతి మామకూ తెలుసు, అందుకే నన్ను చూడకుండా గోడను చూస్తూ మాట్లాడినాడు.

అవ్వ మాత్రం ఆ పుస్తకం గదిలోనే వేసిన మంచంలోంచి అడిగింది. "మీ ఇంట్లో వాడు దేంట్లో పండుకుంటాడే?"

ఇక దాచలేక చెప్పినాను. నా విడిచిన చీరలో అవ్వా, ఉతకనిది.

అవ్వ నా దిక్కుకు తల తిప్పింది. తర్వాత, "బస్సులో కట్టుకొచ్చిన చీర ఉతికినావా?" అన్నది. లేదన్నాను. "తెచ్చి ఈడ, ఈ దూలానికి కట్టు."

అత్త గుమ్మంలోనే బిగుసుకుపోయింది. "దేవుని పుస్తకం ముందర విడిచిన చీరనా అత్తా! నా పెళ్లయిన కాడ నుంచి నన్ను ఈ గడప కాడ నిలబెట్టి ఎన్నిసార్లు చీర మార్చుకొని రమ్మన్నావో నీకు యాదుండాదా?"

"ఉండాది. అప్పుడు నాకు శానా టైముండె" అన్నది అవ్వ. "ఇప్పుడు ఆ మడి సూసుకుంటా కూచుంటే నేను ఇనేది ఎప్పుడు? దోషమేమన్నా ఉంటే నా పేరున రాసుకోమను ఆ దేవుణ్ణి. ఎట్లాగూ తొందర్లోనే కల్సుకుంటాం కదా, ఆడే తేల్చుకుంటాంలే."

అత్తకు నవ్వు వచ్చింది. ఆమే పోయి, ఆ మట్టీ చెమటా పాలూ కలిసిన చీరను రెండు వేళ్లతో పట్టుకొని తెచ్చి, దూలానికి ఉయ్యాల కట్టింది. వాడిని వేసినాము. చీర అంచు గుప్పిట పట్టుకొని ముక్కుకు ఆనించుకున్నాడు. రెండు వెక్కిళ్లు, ఒక నిట్టూర్పు. అంతే, నిద్ర. ఊపడానికి మనిషి లేడంటే అవ్వ తాడు అడిగింది. ఉయ్యాలకు ఒక తాడు కట్టి, దాని కొస మంచంలో ఉన్న అవ్వ చేతికిచ్చినాము.

ఆ తర్వాత పారాయణం నిలవలేదు. నేను చదువుతూ ఉంటే అవ్వ తాడు లాగుతూ ఉండేది. మిగిలిపోయినదంతా రోజుకు కొంచెం ఎక్కువ చదివి సరిపెట్టినాను. ఒక్కోసారి తాడు ఆగిపోయేది. చూస్తే అవ్వ కండ్లు మూతలు పడి, నోరు తెరుచుకొని, బిడ్డ కంటే గాఢంగా నిద్రపోతూ ఉండేది. నేను గొంతు తగ్గిస్తే చాలు, "యాల నిలిపినావు? ఇంటాండా" అని తాడు గుంజేది. మళ్లీ నిద్ర. ఎవరి కోసం పోయినానో ఆమె నిద్రలో, ఎవరు నిద్రపోవాలనుకున్నానో వాడూ నిద్రలో. మొత్తం విన్నది మా అత్తే. గడప బయట కూర్చొని విత్తనాల కోసం శెనక్కాయలు ఒలుస్తూ, పొద్దుపోయేదాకా ఆ కథలోని వాళ్ల మంచిచెడ్డలు నాతో వాదించేది.

ముగింపురోజు టెంకాయ కొట్టినాక అవ్వ బిడ్డను పక్కన పండబెట్టమన్నది. వాడి తల తడిమి, "పూర్తయింది కదే పాపా?" అని అడిగింది. పూర్తయిందవ్వా అన్నాను. "అయితే సరే" అన్నది. ఎంత విన్నదో నేను అడగలేదు. ఆ ఏడు శెనక్కాయ పెరికే లోపలే అవ్వ పోయింది. చెప్పినట్టే అక్కడ దేవుడితో ఆ దోషం సంగతి తేల్చుకొని ఉంటుంది. వాడు ఇప్పుడు నా కంటే పొడుగు. బస్సులో నిలబడి కూడా నిద్రపోతాడు.

ఆ వారం గుర్తొచ్చినప్పుడల్లా భగవంతుడికి దండం పెట్టుకుంటాను. ఒకే గదిలో, ఒకే తాడుకు చెరో కొసన ఇద్దరినీ నా గొంతుతో నిద్రపుచ్చే భాగ్యం ఇచ్చినాడు. బిడ్డను కాలం లేపి, పెద్దోణ్ణి చేసి తీసుకుపోయింది, అవ్వను నిద్రలోనే, లేపకుండా తీసుకుపోయింది.