దిమ్మెరపోని చెంగమ్మ

వాషర్‌మెన్‌పేట్‌లో ఇత్తడి పాత్రల కొట్టు చెంగమ్మ దంపతులది. ఏ బిందె చేతికొచ్చినా ఆమె వేలి మెటికతో కొట్టి, మోత ఆగేదాకా తల వంచి వింటుంది. భర్త పోయాక కూడా కొట్లో అలాగే తల వంచి, పెదవి విప్పకుండా కూర్చుంది. నిర్ఘాంతపోయిందన్నారు కొందరు, మ్రాన్పడిపోయిందన్నారు ఇంకొందరు. మరిది దేవరాజులుకు ఆ మాటలు బాగా అచ్చొచ్చాయి. తాళాల గుత్తి మొలలో దోపుకుని, గల్లాపెట్టె దగ్గర చేరి, వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పాడు: "వదిన దిమ్మెరపోయుండాది, పాపం. ఇంక కొట్టు నాదే అనుకోండి."

నిన్న అతను ఒకామెకు బిందె అమ్మబోతుంటే చెంగమ్మ లేచి వచ్చి మెటికతో కొట్టింది. మోత పుట్టీ పుట్టకముందే చచ్చిపోయింది.

"ఇది బీట పడుండాది, అమ్మబాక," అంది. "మొగుడు పోతే మాట్లాడబుద్ధి కాలా, అంతే. చెవులు బాగానే ఉండాయి. నువ్వన్నవన్నీ విన్నా. తాళాలు ఈడ పెట్టు."

దేవరాజులు నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. చెయ్యి మాత్రం మొలకు పోయింది. చెంగమ్మ తాళాలు కొంగున ముడేసుకుని, బేరానికొచ్చినామె వైపు తిరిగింది.

"మా మరిది దిమ్మెరపోయుండాడు, పాపం. నువ్వు రామ్మా, వేరే బిందె చూపిస్తా."